రీడింగుల రాణి

ఆ రోజు ఇంట్లో అమ్మ ఉంది, మామయ్య ఉన్నాడు, అక్క ఉంది, నేనున్నాను. నాన్న బస్సు తీసుకుని డ్యూటీకి వెళ్ళాడు, భోజనానికి వస్తాడు. ల్యాబ్ మేడం కూడా వస్తుందన్న సంగతి నాకొక్కదానికే తెలుసు.

అమ్మ కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని అక్కకు తెల్లచొక్కా సరిచేస్తోంది. అక్క ఆ చొక్కా వేసుకుని గది మధ్యలో బొమ్మలా నిలబడింది. చంకల కింద, నడుము దగ్గర గుండుసూదులు.

"చేతులెత్తు. అబ్బా, కాస్త ఊపిరి వదులు తల్లీ. ఊపిరి బిగపట్టి కొలతలిస్తే రేపు భోంచెయ్యగానే గుండీలు ఊడి పడతాయి."

"పడనీ అక్కా," అన్నాడు మామయ్య మంచం మీద పడుకునే. "మా షాపుకొచ్చేవాళ్ళు ఫోన్లు చూస్తారుగానీ గుండీలు చూస్తారా?"

"నువ్వు నోరు మూసుకో."

మామయ్య అమ్మకు తమ్ముడు. సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. అక్కకు కూడా అక్కడే కౌంటర్లో పని మాట్లాడాడు. వస్తుందో రాదో ఇవాళ తేల్చి చెప్పమన్నాడట యజమాని. కాలేజీకి సెలవులిచ్చారని, ఊరికే కూర్చోవడం ఎందుకని అక్క చెప్పింది. అందరూ నమ్మారు.

సెలవులేమీ లేవు. ఆ మధ్యాహ్నమే అక్కకు ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్ పరీక్ష. అది రాయకపోతే వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి ఆ ల్యాబ్ మొత్తం మళ్ళీ చెయ్యాలి. అలా వెనకబడ్డవాళ్ళెవరూ మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదని అక్కే ఒకసారి చెప్పింది. ఇప్పుడు తనూ తొక్కనని నిశ్చయించుకుంది.

నాకెలా తెలిసిందంటే, నా క్లాసులకు దారి రైలుస్టేషను మీదుగానే. ఒకరోజు వెయిటింగ్ హాల్లో అక్క కనిపించింది. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, ఏ రైలూ ఎక్కబోనిదానిలా కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడితే ముందు కసిరింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

మా ఊరి బళ్ళో ప్రయోగం అంటే సారు బోర్డు మీద గీసే బొమ్మ. సామాన్లు ఒక ఇనుప బీరువాలో ఉండేవి. తాళంచెవి ఎవరి దగ్గరుందో సారుకే తెలీదు. రీడింగులు కూడా సారే చెప్పేవాడు, మేం రాసుకునేవాళ్ళం. అక్క కాలేజీలో చేరాక మేమంతా ఈ ఊరికి వచ్చి, టైర్ల షాపు మీద ఈ రెండు గదుల్లోకి చేరాం. కాలేజీ ల్యాబ్‌లో బల్లకు ఇద్దరు చొప్పున జత కట్టారు. అక్కకు జతగా వచ్చినవాణ్ణి పొడుగోడు అనేవాళ్ళు. వాడి చేతులు చురుకు. మొదటిరోజే వైర్లన్నీ లాక్కుని "నువ్వు మీటరు చూసి చెప్పు" అన్నాడట. అక్క చూసి చెప్పింది. ఆ రోజునుంచీ అదే పద్ధతి. వాడు కడతాడు, అక్క చదువుతుంది. ముల్లు రెండు గీతల మధ్య ఎక్కడాగినా అక్క చెప్పింది తప్పేది కాదట. పక్క బల్లలవాళ్ళు కూడా వచ్చి చదివించుకునేవారు. రీడింగుల రాణి అని పేరు పెట్టారు. అక్క ఆ పేరు ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పింది కూడా. మార్కులు బాగానే వచ్చేవి. చేతులతో ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు.

తర్వాత పొడుగోడు చదువు మానేసి డెలివరీ బండి ఎక్కాడు. వాడొక్కడే కాదు, చాలామంది పోయారు. మొదట్లో కూర్చోడానికి స్టూళ్ళు చాలని ల్యాబ్‌లో ఇప్పుడు బల్లకొకరే. అక్క మొదటిసారి ఒంటరిగా సర్క్యూట్ కట్టిన రోజు ట్రాన్సిస్టర్ మధ్యకాలికి నేరుగా కరెంటు ఇచ్చేసింది. పొగ వచ్చింది, కంపు కొట్టింది. "రాణిగారు పొగ పెట్టారు" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. క్లాసంతా నవ్వింది. అక్క బ్యాగు తీసుకుని బయటికొచ్చేసింది. ఇక వెళ్ళలేదు.

ముందురోజు అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అమ్మ ఫోన్ మోగింది. నేనెత్తాను. "మీ అక్క ఎందుకు రావట్లేదమ్మా? నేను ల్యాబ్ మేడంని" అని వినపడగానే ఫోన్ పెట్టేశాను. ఫోన్లో కొత్తవాళ్ళతో మాట్లాడటం నావల్ల కాదు. తర్వాత చాలాసేపు ఆ నంబరు వైపు చూస్తూ కూర్చున్నాను. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు తిరిగి చేశాను. ఏం చెప్పానో నాకే సరిగ్గా గుర్తులేదు. స్టేషను గురించి, పొగ గురించి చెప్పినట్టున్నాను. "రేపు నేను మీ ఇంటికొస్తాను" అంది మేడం. ఇల్లెక్కడో చెప్పి పెట్టేశాను.

అందుకే ఆ పొద్దున మెట్ల మీద ఏ చప్పుడు వినపడినా తలుపు కేసి చూస్తున్నాను.

"ఏంటే పిల్లిపిల్లా, తలుపు కేసి అలా చూస్తున్నావు? ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు మామయ్య. నేను చప్పుడు చెయ్యకుండా నడుస్తానని నాకు ఆయన పెట్టిన పేరది.

"లేదు."

"లేదనడానికి అంత గుటకలు మింగాలా?"

అప్పుడే తలుపు తట్టారు.

అమ్మ తీసింది. ఒకావిడ హెల్మెట్ చేతిలో పట్టుకుని, భుజాన బరువైన సంచీతో ఆయాసపడుతూ నిలబడింది. నేననుకున్నదానికంటే చిన్నది, మామయ్య వయసు ఉంటుందేమో.

"రండి రండి. కొలతలకా? పాతది ఏదైనా తెచ్చారా, దాన్నిబట్టి కుట్టేస్తాను."

"కొలతలకు కాదండీ. మీ పెద్దమ్మాయికి కాలేజీలో ల్యాబ్ చెప్పేదాన్ని నేనే."

అక్క గుండుసూదులతోనే వెనక్కి వెనక్కి నడిచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ మాత్రం పెట్టలేదు.

"సెలవులు కదా, మీరింత దూరం..." అంది అమ్మ.

మేడం నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"సెలవులు కాదండీ. ఇవాళ మధ్యాహ్నం పరీక్షుంది."

అమ్మ చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది. అమ్మ అరిస్తే నాకంత భయం ఉండదు. అరవకపోతేనే భయం. ఆ తలుపు కేసి తిరిగి మెల్లిగా అంది. "విన్నావటే? పరీక్షంట. నేనిక్కడ నీకు షాపు చొక్కా కుడుతున్నాను."



మామయ్య లేచి కూర్చున్నాడు. "మేడంగారూ, మీరేమీ అనుకోకండి. మా షాపులో కౌంటర్ మీద ఉన్నవాళ్ళలో సగంమంది మీ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళే. అది పూర్తి చేసి రావడానికీ, మధ్యలో రావడానికీ తేడా ఏముంది చెప్పండి? రెండేళ్ళు ముందొస్తే రెండేళ్ళ సీనియారిటీ."

నాకు మేడం ఏదో ఉపన్యాసం ఇస్తుందనిపించింది. ఇవ్వలేదు. "నిజమేనండీ, వాళ్ళలో కొందరికి నేనే చెప్పాను," అంది. మామయ్యకు గాలి తీసేసినట్టయింది. వాదించడానికి సిద్ధపడ్డవాడు వాదన దొరక్క తల గోక్కున్నాడు.

మేడం తలుపు దగ్గరికి వెళ్ళి, తట్టకుండా, చెక్కకు నోరు దగ్గరగా పెట్టి మాట్లాడింది.

"తిట్టడానికి రాలేదమ్మా."

"నాకు చేతులు పనిచెయ్యవు మేడం." అక్క గొంతు బొంగురుగా ఉంది. "నేను చదవడమే నేర్చుకున్నాను. మీరే చూశారుగా ఆ రోజు."

"ఆ రోజే చూశాను. అంతకుముందు చూడలేదు. నీ బల్లనుంచి సరైన అంకె వినపడేది, నేను మార్కు వేసి పక్క బల్లకు పోయేదాన్ని."

"అయితే ఇప్పుడేం చేస్తారు? మధ్యాహ్నంలోపు నేర్పించేస్తారా?"

 నిజంగానే ఏం చెయ్యాలో మేడంకి తెలియనట్టుంది. చివరికి అమ్మ కుట్టుబల్ల మీద బట్టలు పక్కకు జరిపి, సంచీలోంచి సామాను తీసింది. చదరపు బ్యాటరీ, మీటరు, అంచుల వెంట ఎర్రగీత, నీలంగీత గీసి నిండా చిల్లులున్న ఒక పొడవాటి తెల్లటి పలక. దాన్ని బ్రెడ్‌బోర్డు అంటారని అక్క చెప్పగా విన్నాను. ఆ చిల్లుల్లో వైర్లూ చిన్న చిన్న ముక్కలూ గుచ్చి ఉన్నాయి.

"ఇది పొద్దున ఇంట్లో కట్టాను. చీకటైతే వెలిగే దీపం. ఇదిగో, ఈ గుండ్రటి బిళ్ళ మీద వెలుగు పడకుండా చెయ్యి అడ్డం పెడితే ఇక్కడ ఎర్రదీపం వెలగాలి. నువ్వు దీన్ని విప్పి మళ్ళీ కట్టు. పరీక్షలో అడిగేవి దీనికంటే మరీ కష్టం కాదు. చూడు ముందు."

తలుపు సందులోంచి అక్క కన్ను ఒకటి కనపడింది.

మేడం బ్యాటరీ తగిలించి బిళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

వెలగలేదు.

ఇంకోసారి పెట్టింది. వైరు ఒకటి నొక్కింది. బ్యాటరీ విప్పి మళ్ళీ పెట్టింది. వెలగలేదు. మేడం ముక్కు మీద చెమట పట్టింది.

"ఇంట్లో వెలిగిందండీ," అంది అమ్మతో, అమ్మేదో అడిగినట్టు. "చిన్న బోర్డు మీద వెలిగింది. అందరికీ బాగా కనపడుతుందని దీని మీదకు మార్చాను."

"మా షాపుకు రోజూ ఇలాగే వస్తారు మేడం," అన్నాడు మామయ్య. "ఇంట్లో పనిచేసిందండీ, ఇక్కడికి తెచ్చేసరికి ఆగిపోయిందండీ అని." నవ్వబోయి అమ్మ చూపు చూసి దగ్గుగా మార్చేశాడు.

మేడం వైర్లు ఒక్కొక్కటే పీకి గుచ్చుతోంది.  మా ఇంట్లో, మామయ్య ముందు, ఆవిడ అలా చెమటలు కక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. పిలిచింది నేనే కదా. కింద టైర్ల షాపులో గాలి కొడుతున్నారు.

"మేడం, సప్లై ఎంతుంది?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

మేడం తలెత్తకుండానే మీటరు పుల్లలు రెండూ బ్యాటరీకి ఆనించింది.

"తొమ్మిది వోల్టులు," అని అక్కడినుంచే చదివేసింది అక్క. "బోర్డు మీద?"

"ఎర్ర వరస మొదట్లో... తొమ్మిదే."

"ఆ చివర?"

మేడం పుల్ల ఆ చివరకు జరిపింది. ఈసారి అక్క చదవలేదు, బల్ల దగ్గరకు వచ్చేసింది. సున్నా. వరస ఒకటే, మొదట్లో తొమ్మిది, చివర సున్నా. అక్క ఆ పలకను చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంది.

"గీత తెగింది మేడం. చూడండి, ఎర్రగీత మధ్యలో ఇంత జాగా వదిలేశారు. పొడుగు బోర్డులో రెండు సగాలూ వేరువేరు. ఇటుపక్క ఇచ్చిన కరెంటు అటుపక్కకు పోవట్లేదు."

మేడం కళ్ళు చిట్లించి చూసింది. "అవును కదా! మన కాలేజీవన్నీ పొట్టివి." ఒక చిన్న వైరు తీసి అక్క చేతికి అందించింది. "కలుపు."

అక్క ఆ వైరు తీసుకోలేదు. దాన్నే చూస్తూ నిలబడింది.

"మీరు కలపండి మేడం. నేను చెప్తాను."

"చెప్పడం నీకొచ్చు."

మేడం చెయ్యి చాచే ఉంచింది.   అక్క చివరికి వైరు అందుకుంది. చిల్లులో పెట్టబోతే వంగిపోయింది. సాగదీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ వంగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"సూదిలో దారం ఎక్కించేటప్పుడు దారం చివర పట్టుకుంటాం, మధ్యలో కాదు," అంది అమ్మ, ఎటో చూస్తూ.

"అమ్మా, నువ్వు మాట్లాడకు." కానీ పట్టు మార్చింది. వైరు దిగింది. రెండో కొస కూడా దిగింది. అక్క బిళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది.

వెలగలేదు.

అక్క పలకను బల్ల మీద పెట్టేసింది. "చెప్పానా? నేను ముట్టుకుంటే ఇంతే." లోపలికి తిరిగింది.

నాకేం పుట్టిందో, బల్ల దగ్గరికి పోయి మీటరు పుల్లలు పట్టుకున్నాను. అక్క ఎర్ర వరస చివర చూపించిన చోట ఒకటి, బ్యాటరీ నల్లకొస దగ్గర ఒకటి పెట్టాను. "తొమ్మిదుంది అక్కా," అన్నాను. "ఇప్పుడు చివర కూడా తొమ్మిదుంది. నువ్వు పెట్టింది పనిచేసింది."

నేను అంత పొడుగు మాట మాట్లాడటం చూసి మామయ్య కనుబొమలెత్తాడు.

అక్క గుమ్మంలోనే ఆగింది. వెనక్కి తిరక్కుండానే "కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే నీలం వరస చివర పెట్టు," అంది.

పెట్టాను. అంకె చదవబోయాను.

"చదవకు." వచ్చి నన్ను పక్కకు నెట్టి తనే పుల్లలు తీసుకుంది. సున్నా ఉండాల్సిన చోట దగ్గర దగ్గర తొమ్మిది చూపిస్తోంది. అక్క పెదవులు కదిలాయి. "ఇది కూడా తెగింది. రెండూ తెగాయి!" అని, ఈసారి ఎవరూ అందించకుండానే సంచీలోకి చెయ్యి పెట్టి వైరు వెతుక్కుంది. ఒక్కసారి వంగింది, రెండోసారి దిగింది.

అరచెయ్యి అడ్డం పెట్టగానే ఎర్రదీపం వెలిగింది. చెయ్యి తీస్తే ఆరింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామయ్య మంచం దిగి వచ్చి, తనూ ఒకసారి చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళాడు.

అప్పుడు మెట్ల మీద నాన్న బూట్ల చప్పుడయింది.

అక్క చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. అమ్మ, మేడం, నేను ముగ్గురం ఒకేసారి తలుపు వైపు చూశాం. నాన్న లోపలికొచ్చి టోపీ తీసి మేకుకు తగిలించి మేడంని చూశాడు. బల్ల చూశాడు. గుండుసూదుల చొక్కాలో అక్కను చూశాడు.

"ఎవరూ?"

అమ్మ నోరు తెరవబోయింది. అక్క అడ్డం వచ్చింది. "మా ల్యాబ్ మేడం నాన్నా. సెలవులని అబద్ధం చెప్పాను. నాకు సర్క్యూట్ కట్టడం రాలేదు, ల్యాబ్‌లో పొగ వచ్చింది, అందరూ నవ్వారు. అందుకని పోవడం మానేశాను. ఇవాళ పరీక్ష."

నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చాడు.  

"సెలవులని చెప్పేదాకా రోజూ పొద్దున నా బస్సే ఎక్కేదానివి," అన్నాడు చివరికి. "కాలేజీ స్టాపు దగ్గర దిగేదానివి. నేను అద్దంలో చూసుకుని, దిగావు కదా అని తలుపేసి వెళ్ళిపోయేవాణ్ణి."

అక్క తల దించుకుంది. ఆయన కేకలేసి ఉంటే బాగుండేదేమో.

"పరీక్షకు పోతున్నావా?"

"పోయినా తప్పుతానేమో నాన్నా."

"నేనడిగింది అది కాదు."

సరిగ్గా అప్పుడే మామయ్య ఫోన్ మోగింది. మామయ్య తెర చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మా యజమాని. ఏం చెప్పమంటావే? ఆయనకు రెండోసారి అడిగే ఓపిక ఉండదు. ఇవాళ కాదంటే సాయంత్రానికి ఇంకొకళ్ళు వచ్చేస్తారు."

ఫోన్ మోగుతూనే ఉంది. మేడం ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. అమ్మ మిషను చక్రం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది, అదేదో తిరిగిపోతుందన్నట్టు. అక్క ఔనంటుందని నాకు అనిపించింది. ఔనంటే ఇక ఆ తెల్లచొక్కా, ఆ కౌంటరు, అంతే. ఎర్రదీపం ఒక్కసారి వెలిగినంత మాత్రాన ఎవరైనా రెండేళ్ళు అలాంటి గదిలోకి మళ్ళీ వెళ్తారా?

"రానని చెప్పు మామయ్యా," అంది అక్క.

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచిస్తే ఔననేస్తాను. ఇప్పుడే చెప్పు."

మామయ్య ఫోన్ ఎత్తి వాకిట్లోకి పోయాడు. "లేదండీ... చదువుకుంటుందటండీ... మా మేనకోడలేనండీ, మొండిదండీ..." అని వినపడింది.

నాన్న కుర్చీ లాక్కుని భోజనానికి కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. ఇద్దరూ అక్క వైపు చూడలేదు. మేడం వాచీ చూసుకుంది. "నా బండి మీద పోదాం. ఇంకా కాస్త టైముంది."

"ఈ టైములో దీన్ని మొత్తం విప్పేసి మొదట్నుంచీ కడతాను మేడం. లోపల. ఎవరూ చూడకుండా." అక్క పలక తీసి చంకన పెట్టుకుంది. గుండుసూది గుచ్చుకున్నట్టుంది, ముఖం చిట్లించింది, అయినా చొక్కా విప్పే ఆలోచన కూడా చెయ్యలేదు. మేడం బ్యాటరీ, మీటరు తీసుకుని లోపలి గదిలోకి నడిచింది. వైర్ల పొట్లం బల్ల మీదే మర్చిపోయారు. నేను దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

అక్క పొట్లం అందుకుని, నా ముఖంలోకి చూసింది.

"మేడంకి మన ఇల్లు ఎలా తెలిసింది?"

లోపల మేడం మంచం మీద సామాను సర్దుతూ ఆగింది. నాన్న భోంచేస్తూ ఆగాడు. మామయ్య ఫోన్ ముగించి వచ్చి నిలబడ్డాడు. "నేను కాదే బాబూ," అన్నాడు చేతులెత్తి.

"నేనే," అన్నాను. "నేనే ఫోన్ చేశాను."

"స్టేషను సంగతి కూడా చెప్పావా?"

"చెప్పాను."

"నవ్విన సంగతి?"

తలూపాను.

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో మరేమిటో నాకు తెలియలేదు. స్టేషనులో నా చెయ్యి పట్టుకుని ఏడ్చినప్పటి కళ్ళు కావవి. ఇక నాకు ఏదీ చెప్పదని ఆ చూపులోనే అర్థమైంది.

"అక్కా, నేను కూడా లోపలికి రానా? మీటరు పట్టుకుంటాను. చదవను. ఊరికే పట్టుకుంటాను."

"అక్కర్లేదు," అంది అక్క. పొట్లం గుండెలకు హత్తుకుని రెండో చేత్తో తలుపు నా ముఖం మీదే వేసేసి, ఈసారి గడియ పెట్టుకుంది.